నడుముకు పిస్టల్‌తో షాపింగ్: అమెరికాలో కన్సీల్డ్ క్యారీ చేసేవారు తెలుసుకోవలసినవి

అమెరికాలో పర్మిట్ తీసుకుని పిస్టల్‌ను బట్టల కింద పెట్టుకుని తిరిగేవారు దానితో ఎక్కువసేపు గడిపేది షూటింగ్ రేంజిలో కాదు, దుకాణాల్లో. పర్మిట్ తరగతిలో గురి చూడడం, చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లు నేర్పి పంపిస్తారు. కింది అరలోని ఇరవై పౌండ్ల బియ్యం బస్తాను పొట్టకు ఆనించి ఎత్తేటప్పుడు, ట్రయల్ రూమ్‌లో ప్యాంటు మార్చుకోవలసి వచ్చినప్పుడు, కార్టు సీటులో కూర్చున్న పిల్లవాడు నాన్న నడుము మీద చెయ్యి వేసినప్పుడు ఏం చేయాలో మాత్రం అక్కడ పెద్దగా చెప్పరు. ఈ వ్యాసమంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో హోల్‌స్టర్‌లో (నడుముకు తగిలించుకునే ఒరలో) పెట్టుకున్న పిస్టల్ మళ్లీ ఇంటికి చేరేదాకా హోల్‌స్టర్‌లోనే, ఒంటి మీదే ఉండాలి. మధ్యలో దాన్ని తీయవలసి వస్తుందని ముందే తెలిసిన రోజున అసలు పెట్టుకోకుండా వెళ్లడమే మేలు.

హోల్‌స్టర్ ఎంపిక కన్నా ముందు మన తెలుగువారిలో చాలామందికి వర్తించే ఒక చట్టం గురించి చెప్పాలి. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, తల్లిదండ్రులు వచ్చే బి-2 అన్నీ ఈ కోవలోకే వస్తాయి. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే కానీ, దాన్ని అడ్డం పెట్టుకుని పిస్టల్ నడుముకు పెట్టుకుని దుకాణాలకు తిరగవచ్చని ఎవరైనా చెబితే, ఆ మాట నమ్మేముందు న్యాయవాదిని కలవండి. 2022లో చేసిన సవరణతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లకు పెరిగింది, ఆపైన ఇమ్మిగ్రేషన్ పరంగా వచ్చే చిక్కులు వేరే. గ్రీన్ కార్డు ఉన్నవారికీ పౌరులకూ ఈ నిషేధం లేదు. అయితే ఒకే ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డు, ఇంకొకరికి వీసా ఉండడం మనకు మామూలే కాబట్టి, "కాస్త ఈ బ్యాగు పట్టుకో, లోపల పిస్టల్ ఉంది, నేను ట్రయల్ రూమ్‌కి వెళ్లొస్తాను" అని అనాలోచితంగా అనే ఒక్క మాట పట్టుకున్నవారిని నేరస్థులుగా నిలబెట్టగలదు. చట్టం దృష్టిలో స్వాధీనంలో ఉండడమంటే కొనడం ఒక్కటే కాదు, చేతిలో ఉండడం కూడా.

ఇక రాష్ట్రాల సంగతి. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు న్యూయార్క్ స్టేట్ రైఫిల్ అండ్ పిస్టల్ అసోసియేషన్ వర్సెస్ బ్రూయెన్ కేసులో ఇచ్చిన తీర్పు తరువాత, ప్రత్యేకమైన అవసరం చూపితేనే పర్మిట్ ఇస్తామనే పద్ధతి దేశమంతటా పోయింది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే పిస్టల్‌ను దాచి మోయవచ్చు, టెక్సస్‌లో ఈ వెసులుబాటు 2021 సెప్టెంబర్ 1 నుంచి ఉంది. అలాంటి రాష్ట్రంలో ఉంటున్నా పర్మిట్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, అందుకు బలమైన కారణం బడులు. ఫెడరల్ చట్టం ప్రకారం బడి ఆవరణ నుంచి వెయ్యి అడుగుల లోపు తుపాకీతో ఉండడం నేరం. బడి ఉన్న రాష్ట్రమే ఇచ్చిన పర్మిట్ ఉన్నవారికి మినహాయింపు ఉంది, పర్మిట్ అక్కరలేదన్న రాష్ట్ర చట్టాన్ని నమ్ముకున్నవారికి లేదు. శివారు పట్టణాల్లో కిరాణా కొట్టుకు వెళ్లే దారిలో ఒక బడి అయినా తగలకుండా ఉండదు.

ఒక రాష్ట్రం పర్మిట్ ఇంకో రాష్ట్రంలో చెల్లుతుందనే హామీ కూడా లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ ఇతర రాష్ట్రాల పర్మిట్లను గుర్తించవు. టెక్సస్‌లోని డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న బంధువుల ఇంటికి వెళ్లి, అక్కడ పెళ్లి చీరల కోసం దుకాణాలు తిరిగేవారి టెక్సస్ లైసెన్సుకు అక్కడ విలువ లేదు. అవుట్‌లెట్ మాల్స్ కోసం రాష్ట్రం సరిహద్దు దాటే అలవాటు ఉన్నవారు బయలుదేరేముందు ఆ రాష్ట్ర పోలీసుల లేదా అటార్నీ జనరల్ వెబ్‌సైటులో తాజా నిబంధనలు చదువుకోవాలి, స్నేహితుల వాట్సాప్ సలహా దీనికి ప్రత్యామ్నాయం కాదు.

దుకాణం తలుపు దగ్గర చూడవలసింది బోర్డు. ఇక్కడ రాష్ట్రానికో లెక్క. టెక్సస్‌లో పీనల్ కోడ్‌లోని 30.06 సెక్షన్ పేరుతో ఉండే బోర్డు, లైసెన్సు ఉన్నవారు దాచి మోయడాన్ని నిషేధిస్తుంది. 30.07 బోర్డు బయటికి కనిపించేలా మోయడాన్ని నిషేధిస్తుంది. లైసెన్సు లేకుండా మోసేవారిని ఆపడానికి 30.05 సెక్షన్ కింద మరో బోర్డు పెడతారు. 30.06 బోర్డు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, విరుద్ధ రంగుల్లో, జనానికి స్పష్టంగా కనబడే చోట ఉండాలి. దాన్ని చూసి కూడా లోపలికి వెళ్తే 200 డాలర్ల వరకు జరిమానా పడే చిన్న నేరం. ఎదురుగా వచ్చి నోటితో చెప్పాక కూడా కదలకపోతే అది జైలుదాకా వెళ్లగల నేరం అవుతుంది. 51 అనే పెద్ద అంకె ఎర్రగా కనిపించే బోర్డు ఇంకా తీవ్రమైనది. ఆ చోట ఆదాయంలో సగానికి పైగా అక్కడికక్కడే తాగే మద్యం నుంచి వస్తుందని దాని అర్థం. ఇల్లినాయ్‌లో రాష్ట్ర పోలీసులు నిర్ణయించిన, నాలుగంగుళాల వెడల్పూ ఆరంగుళాల పొడవూ ఉండే చిన్న బొమ్మ బోర్డుకే చట్టబలం ఉంది. చాలా రాష్ట్రాల్లో మాత్రం బోర్డు యజమాని కోరికను తెలిపేది మాత్రమే. అయినా ఆయన స్వయంగా వెళ్లమన్నాక ఉండిపోతే అతిక్రమణ అవుతుంది. ఫ్లోరిడాలో అయితే ఒంటి మీద తుపాకీ ఉండగా అలా మొండికేయడం ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం.

బ్రూయెన్ తీర్పు వచ్చాక హవాయి, కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు లెక్కను తలకిందులు చేసి, యజమాని స్పష్టంగా అనుమతిస్తేనే దుకాణంలోకి తుపాకీతో రావాలనే చట్టాలు చేశాయి. వాటి మీద కోర్టుల్లో గట్టి పోరాటాలు నడిచాయి, హవాయి చట్టం వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ రాష్ట్రాల్లో ఉండేవారు ఏడాది క్రితం చదివిన సమాచారం మీద ఆధారపడకూడదు.

పెద్ద గొలుసు దుకాణాలకు సొంత విధానాలు ఉన్నాయి. 2019 ఆగస్టు 3న ఎల్ పాసోలోని వాల్‌మార్ట్‌లో జరిగిన మారణకాండ తరువాత, సెప్టెంబర్‌లో ఆ సంస్థ తమ దుకాణాల్లోకి బయటికి కనిపించేలా తుపాకులు తీసుకురావద్దని వినియోగదారులను కోరింది, పర్మిట్‌తో దాచి మోసేవారి విషయంలో మాత్రం పాత పద్ధతినే ఉంచింది. టార్గెట్ 2014లోనే, చట్టం అనుమతించే చోట్ల కూడా తుపాకులు తేవద్దని మర్యాదపూర్వకంగా అడిగింది. కాస్ట్‌కో అయితే పోలీసులు తప్ప ఎవరూ ఆయుధాలతో తమ వేర్‌హౌస్‌లలోకి రాకూడదనే నియమాన్ని ఎప్పటినుంచో పాటిస్తోంది. అక్కడ సభ్యత్వం తీసుకున్నామంటే వారి నియమాలకు ఒప్పుకున్నట్లే. బోర్డుకు చట్టబలం లేని రాష్ట్రంలో కూడా, వద్దని చెప్పిన ఇంటికి వెళ్లకపోవడం నా పద్ధతి. వారి స్థలం వారిది, వేరే దుకాణంలోనూ పప్పులు దొరుకుతాయి.

అదే ట్రిప్పులో పోస్టాఫీసు పని కూడా పెట్టుకునేవారు జాగ్రత్త పడాలి. తపాలా శాఖ ఆస్తిలోకి తుపాకీ తేవడాన్ని ఫెడరల్ నిబంధన నిషేధిస్తుంది, అందులో పార్కింగ్ స్థలం కూడా భాగమే. కాబట్టి ఇండియాకు పంపే పార్సెల్‌ను వేరే రోజుకు మార్చుకోవడం తేలిక.

హోల్‌స్టర్ విషయంలో పొదుపు చేయకూడదు. పిస్టల్‌కు వందల డాలర్లు పోసి, అన్ని మోడళ్లకూ సరిపోతుందని అమ్మే మెత్తని గుడ్డ సంచిలో దాన్ని తోసుకునేవారు కనిపిస్తూనే ఉంటారు. హోల్‌స్టర్ మూడు పనులు చేయాలి. ట్రిగ్గర్ గార్డ్‌ను, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపును, పూర్తిగా గట్టి పదార్థంతో కప్పాలి. మనిషి పరిగెత్తినా పడినా పిస్టల్‌ను జారనివ్వకూడదు. పిస్టల్ బయట ఉన్నప్పుడు నోరు ముడుచుకుపోకూడదు. మీ మోడల్‌కే పోత పోసినట్లు తయారు చేసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్లు ఈ మూడింటినీ చేస్తాయి. వాడి వాడి మెత్తబడిన తోలు హోల్‌స్టర్ అంచు లోపలికి వంగి, పిస్టల్‌ను తోసేటప్పుడు ట్రిగ్గర్‌ను నొక్కే ప్రమాదం ఉంది. గ్లాక్ వంటి పిస్టళ్లకు చేత్తో వేసే సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్ దాదాపు ఐదున్నర పౌండ్ల ఒత్తిడితో కదులుతుంది కాబట్టి, నడుము దగ్గర అసలైన సేఫ్టీ హోల్‌స్టరే.

పిస్టల్ బరువును మోసేది బెల్టు. మామూలు ఆఫీసు బెల్టు ఆ బరువుకు మెలితిరిగి పిడిని శరీరం నుంచి బయటికి వంచుతుంది, అప్పుడు చొక్కా మీద ఆకారం తేలుతుంది. దీన్నే ఇక్కడ ప్రింటింగ్ అంటారు. లోపల ప్లాస్టిక్ లేదా ఉక్కు పట్టీ ఉన్న గట్టి బెల్టు కొంటే సగం సమస్య తీరుతుంది. 2018లో వచ్చిన సిగ్ పి365 లాంటి చిన్న పిస్టళ్లు పది తూటాలు పట్టుకుంటూ కూడా అరచేతిలో ఇమిడిపోవడం వల్ల ఇప్పుడు పెద్ద పిస్టల్‌తో కుస్తీ పట్టనక్కరలేదు. కుడిచేతివాటం వారు కుడి తుంటికి కొంచెం వెనకగానో, బొడ్డుకు కుడివైపునో పెట్టుకుంటారు. వెనక పెట్టుకుంటే వంగినప్పుడు చొక్కా ఎగిరి పిడి బయటపడుతుంది. ముందు పెట్టుకుంటే దాచడం తేలికే కానీ కూర్చున్నప్పుడు పొడుచుకుంటుంది, పైగా గొట్టం తొడ వైపు చూస్తుంటుంది. ఏ చోటు ఎంచుకున్నా రోజూ అదే చోట పెట్టుకోవడం ముఖ్యం.

మన దుస్తుల సంగతి వేరే చెప్పుకోవాలి. పొడవాటి కుర్తా పిస్టల్‌ను చక్కగా దాస్తుంది కానీ, అవసరమైన క్షణంలో మోకాళ్ల దాకా ఉన్న గుడ్డను ఒక చేత్తో పైకి లాగడం ఎంత కష్టమో ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో సాధన చేస్తే గానీ తెలియదు. సల్వార్, లెగ్గింగ్స్‌కు బెల్టు ఉండదు కాబట్టి స్త్రీలు నడుముకు చుట్టుకునే ఎలాస్టిక్ పట్టీని వాడుతుంటారు. అలాంటి పట్టీలో కూడా ట్రిగ్గర్‌ను కప్పే గట్టి తొడుగు తప్పక ఉండాలి. చీర కట్టుకుని వెళ్లే పండుగ రోజున పిస్టల్‌ను ఇంట్లో సేఫ్‌లో వదిలి వెళ్లమని నేను నిస్సంకోచంగా చెబుతాను.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం గురించి ఒక్క ఉదంతం చాలు. 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్ పట్టణంలో, ఒక యువతి పిల్లలతో కలిసి వాల్‌మార్ట్‌కు వెళ్లింది. ఆమెకు పర్మిట్ ఉంది. బ్యాగు కూడా పిస్టల్ కోసమే ప్రత్యేకంగా జిప్పు అర కుట్టినది. కార్టులో కూర్చున్న రెండేళ్ల కొడుకు ఆ అరలో చెయ్యి పెట్టాడు, తల్లి అక్కడికక్కడే చనిపోయింది. బ్యాగు కార్టులో ఉంటుంది, కుర్చీ మీద ఉంటుంది, దొంగ లాక్కుపోతాడు, పిల్లలు చాక్లెట్ కోసం వెతుకుతారు. ఒంటికి అంటిపెట్టుకుని లేని పిస్టల్ మీ అదుపులో ఉన్నట్లు కాదు.

ఇంట్లోనే, ఎవరూ లేని గదిలో, పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెట్టి, హోల్‌స్టర్‌తో సహా నడుముకు తగిలించుకోవాలి. దుకాణం పార్కింగ్‌లో, కారు సీట్లో కూర్చుని ఈ పని చేసేవారు రెండు తప్పులు చేస్తున్నారు. ఇరుకు చోట గొట్టం తమ కాలి వైపో పక్క కారు వైపో తిరుగుతుంది, అద్దంలోంచి ఎవరైనా చూసి 911కి ఫోన్ చేసే అవకాశమూ ఉంది. చలికాలపు జాకెట్ కింది అంచున వేలాడే తాడు, దాని చివరి ప్లాస్టిక్ గుండీ, హోల్‌స్టర్‌లోకి దూరి ట్రిగ్గర్‌కు చిక్కుకుని పిస్టల్ పేలిన సందర్భాలు ఉన్నాయి. పిస్టల్‌ను లోపలికి పెట్టేటప్పుడు చొక్కాను పైకెత్తి, కళ్లతో చూస్తూ, నెమ్మదిగా పెట్టాలి. తీయడంలో తొందర అవసరం కావచ్చు గానీ, తిరిగి పెట్టడంలో ఏనాడూ అవసరం లేదు.

వెళ్లే చోట్లలో ఒకటి నిషిద్ధమైనదని బయలుదేరాక తెలిస్తే, పిస్టల్‌ను కారులో వదలవలసి వస్తుంది. సీటు కిందా గ్లవ్ బాక్సులోనా వదలడమంటే దొంగకు అప్పగించడమే. ఉక్కు తీగతో సీటు చట్రానికి కట్టే చిన్న లాక్ బాక్సు ముప్ఫై నలభై డాలర్లకే దొరుకుతుంది. అందులో పెట్టే పని కూడా దుకాణం ముందు కాకుండా, అంతకు ముందే నిశ్శబ్దమైన చోట ఆగి ముగించుకోవాలి. పార్కింగ్‌లో ఎవరు ఏం దాస్తున్నారో గమనించేవారు ఉంటారు.

దుకాణంలో అడుగుపెట్టాక మనిషి తన శరీరాన్ని వాడే పద్ధతి కొంచెం మారాలి. తలుపు దగ్గర నిలువుగా ఉండే దొంగతన నిరోధక గేట్లు వస్తువుల మీది ట్యాగులను పసిగట్టేవి, లోహాన్ని కాదు. వాటిని చూసి తడబడి నడుము తడుముకునేవారే నలుగురి దృష్టిలో పడతారు. కొత్తగా మోసేవారి గుర్తు కూడా అదే. ప్రతి ఐదు నిమిషాలకూ మోచేత్తో పిస్టల్ ఉందో లేదో తడుముతారు, చొక్కా కిందికి లాగుతారు. నిజానికి ఫోన్ పట్టుకున్నవారు ఎదుటివారి నడుము వైపు చూడను కూడా చూడరు. హోల్‌స్టర్ కదులుతోందనిపిస్తే, దుకాణం మధ్యలో సర్దుకోకుండా రెస్ట్‌రూమ్‌లో గడియ వేసుకుని సర్దుకోవాలి, అది కూడా హోల్‌స్టర్‌ను పట్టుకునే గానీ పిస్టల్‌ను ముట్టుకుని కాదు.

కింది అరలోని వస్తువు కోసం నడుము వంచకుండా, వీపు నిటారుగా ఉంచి మోకాళ్లు మడిచి కూర్చోవాలి. వెనక పెట్టుకునేవారికి ఇది తప్పనిసరి. బియ్యం బస్తా సంగతికి వస్తే, దాన్ని పొట్టకు హత్తుకుని లేపినప్పుడు ముందు పెట్టుకున్న పిస్టల్ పిడి పక్కకు నెట్టబడి, హోల్‌స్టర్ క్లిప్పు బెల్టు మీదినుంచి జారడం జరుగుతుంది. బస్తాను పిస్టల్ లేని వైపు తుంటికి ఆనించి ఎత్తడం, లేదా కార్టును పక్కకు తెచ్చి నేరుగా అందులోకి దొర్లించడం మంచిది. పై అరకు చేతులు చాపితే చొక్కా అంగుళాల కొద్దీ లేస్తుంది; మామూలు కన్నా పొడవైన చొక్కా, లోపల టక్ చేసిన బనీను ఉంటే భయం లేదు. అందని వస్తువును అక్కడ పనిచేసేవారిని అడగడంలో నామోషీ ఏమీ లేదు.

పసిపిల్లలను కూర్చోబెట్టే కార్టు సీటు పిల్లల ముఖం మన వైపు ఉండేలా తయారవుతుంది, అంటే వారి చేతులు సరిగ్గా మన నడుము ఎత్తులో ఆడుతుంటాయి. ముందు పెట్టుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుని, కార్టును కొంచెం దూరంగా నెట్టడమో, తోడు వచ్చినవారికి కార్టు అప్పగించడమో చేయాలి. ఎత్తుకున్న బిడ్డను పిస్టల్ లేని వైపు చంకనెత్తుకోవాలి. ఇండియన్ స్టోర్‌లో ఇంకో గండం కౌగిలింత. నెలల తరబడి కనబడని స్నేహితుడు "అరే మామా!" అంటూ నడుము చుట్టూ చెయ్యి వేస్తాడు. ముందుగానే మన చేతులను అతని చేతుల కిందుగా పోనిచ్చి మోచేతులను పక్కలకు దగ్గరగా ఉంచితే, అతని చేతులు భుజాల మీదే ఆగిపోతాయి.

ట్రయల్ రూమ్, మరుగుదొడ్డి. పిస్టళ్లను మరిచిపోయి వచ్చే చోటు మరుగుదొడ్డే, పోలీసులు సైతం ఈ తప్పు చేసి వార్తలకెక్కారు. కొక్కేనికి తగిలించినా, ఫ్లష్ ట్యాంకు మీద పెట్టినా, పేపరు డబ్బా మీద పెట్టినా, లేచి చేతులు కడుక్కునే లోపు మనసు వేరే చోటికి పోతుంది. పిస్టల్ హోల్‌స్టర్‌లోనే, హోల్‌స్టర్ బెల్టుకే ఉండాలి. ప్యాంటును మోకాళ్ల పైనే ఆపి, బెల్టు బకిల్‌ను మళ్లీ పెట్టి, పిడి పక్క గదివైపు కనిపించకుండా రెండు కాళ్ల మధ్య ఉంచుకోవాలి. ఇది వినడానికి మర్యాదగా లేకపోవచ్చు, కానీ ఎవరూ చెప్పకపోవడం వల్లే తప్పులు జరుగుతున్నాయి. ట్రయల్ రూమ్‌లో చొక్కాలు వేసి చూసుకోవడానికి ఇబ్బంది లేదు. ప్యాంట్లు కొనే రోజున మాత్రం పిస్టల్‌ను ఇంట్లోనే ఉంచాలి, లేదా కొలత తెలిసిన ప్యాంటును కొని ఇంట్లో వేసుకుని చూసి, సరిపోకపోతే తిరిగి ఇవ్వాలి. అమెరికాలో వస్తువు వెనక్కి ఇవ్వడం అంత తేలిక అయినప్పుడు గోడకు తగిలించిన బెల్టుతో, సగం తెరిచిన తెర వెనక అవస్థ పడడంలో అర్థం లేదు.

ఎవరైనా చూసి, దుకాణం మేనేజర్ వచ్చి వెళ్లిపొమ్మంటే, "అలాగేనండి" అని కార్టును అక్కడే వదిలి బయటకు నడవాలి. ఆయుధాల హక్కునిచ్చే రాజ్యాంగ రెండవ సవరణ గురించి ఉపన్యాసానికి అది చోటు కాదు. పర్మిట్ చూపిస్తానని జేబులోకి చెయ్యి పోనివ్వడం కూడా వద్దు, ఎదుటివారికి అది వేరేలా కనిపిస్తుంది.

వాడవలసిన సందర్భం గురించి సూటిగా చెప్పాలి. ప్రాణాలకు లేదా తీవ్రమైన శారీరక గాయానికి అప్పటికప్పుడు ముప్పు ఉన్నప్పుడే ప్రాణాంతకమైన బలాన్ని వాడవచ్చన్నది దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్న మూలసూత్రం. దుకాణంలో దొంగతనం ఆ కోవలోకి రాదు. 2015 అక్టోబర్‌లో మిషిగన్‌లోని ఆబర్న్ హిల్స్‌లో, హోమ్ డిపో పార్కింగ్‌లో సరుకు ఎత్తుకుపోతున్న దొంగల కారు మీద పర్మిట్ ఉన్న ఒక మహిళ కాల్పులు జరిపింది. ఎవరికీ గాయం కాలేదు, దొంగలు తరువాత దొరికారు, ఆమెకు మాత్రం 18 నెలల ప్రొబేషన్ పడింది, పర్మిట్ పోయింది. దుకాణదారుకు బీమా ఉంటుంది, మీ తూటాకు ఉండదు.

నిజంగా కాల్పులు మొదలైన చోట కూడా, కుటుంబంతో వచ్చినవారి మొదటి పని దగ్గరి ద్వారం గుండా వారిని బయటకు చేర్చడం. పెద్ద దుకాణాల్లో సరుకు దించే వెనక ద్వారం కూడా ఒక దారే, అటు వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ధాన్యపు డబ్బాల అరలు, ప్లాస్టర్ గోడలు కంటికి చాటు ఇస్తాయి గానీ తూటాను ఆపవు. మీరు కాల్చిన తూటా కూడా వాటి వెనక ఉన్నవారిని చేరుతుంది. 2014 జూన్ 8న లాస్ వేగస్ వాల్‌మార్ట్‌లో తుపాకీతో వచ్చిన ఒకడిని ఎదుర్కోబోయిన పర్మిటుదారుడు, వెనక కార్టుల దగ్గర మామూలు కస్టమరులా నిలబడి ఉన్న వాడి భార్యను గమనించలేదు, ఆమె చేతిలో చనిపోయాడు. 2018 నవంబర్ 22న అలబామాలోని హూవర్‌లో, ఒక మాల్‌లో కాల్పుల శబ్దం విని పిస్టల్ తీసిన యువకుడిని పోలీసులే దుండగుడనుకుని కాల్చి చంపారు. మరోవైపు 2022 జూలై 17న ఇండియానాలోని గ్రీన్‌వుడ్ పార్క్ మాల్‌లో, 22 ఏళ్ల యువకుడు పదిహేను సెకన్లలో హంతకుడిని నేలకూల్చి ఎందరినో కాపాడాడు, ఆ మాల్ నియమాల ప్రకారం లోపలికి ఆయుధాలు తేకూడదు కూడా. ఈ మూడు ఉదంతాల్లో మూడోదాన్ని మాత్రమే గుర్తు పెట్టుకునేవారితో నాకు పేచీ ఉంది. పారిపోవడానికి వీలులేనప్పుడు, ముప్పు మీ మీదికో మీవారి మీదికో నేరుగా వచ్చినప్పుడు, వెనక ఎవరున్నారో కనిపిస్తున్నప్పుడు తప్ప పిస్టల్ బయటికి రాకూడదని నేను నమ్ముతాను.

ముప్పు ముగిసిందని తేలిన మరుక్షణం పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెట్టి, ఖాళీ చేతులు పైకెత్తి ఉంచాలి. 911కి ఫోన్ చేసినవారు మీ దుస్తుల రంగు, మీరు దాడి చేసినవారు కాదన్న సంగతి చెప్పాలి. పోలీసుల ఆదేశం ఏదైనా, నేల మీద పడుకోమన్నా సరే, వెంటనే పాటించాలి. మామూలు ట్రాఫిక్ తనిఖీలో కూడా మిషిగన్, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాల్లో పిస్టల్ ఉన్న సంగతి అధికారికి వెంటనే చెప్పి తీరాలి. టెక్సస్‌లో గుర్తింపు కార్డు అడిగినప్పుడు లైసెన్సు కూడా చూపించాలి. చెప్పేటప్పుడు "గన్" అనే మాటతో మొదలుపెట్టకుండా, "నాకు క్యారీ పర్మిట్ ఉంది, ఇప్పుడు ఆయుధం నా దగ్గర ఉంది, ఏం చేయమంటారు?" అని, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి అడగడం ఉత్తమం.

ఇంటికి వచ్చాక సరుకులు సర్దడానికి ముందే పిస్టల్ సంగతి చూడాలి. హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి తీసి, అలాగే సేఫ్‌లో పెట్టేయడం సురక్షితం. రోజూ ఛాంబర్‌లోని (పేల్చడానికి సిద్ధంగా గొట్టం మొదట ఉండే) తూటాను తీసి మళ్లీ అదే తూటాను ఎక్కించే అలవాటు ఉన్నవారి దగ్గర, పదే పదే దెబ్బ తగిలి సీసపు మొన గుల్లలోకి కుంగుతుంది, అలాంటి తూటా పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పొట్టిగా కనిపించే తూటాను కొత్తదానితో పోల్చి చూసి పక్కన పెట్టేయాలి. ఇక సేఫ్ కోడ్ పిల్లలకు, పనికి వచ్చేవారికి తెలియకూడదన్నది అందరికీ తెలిసిందే. ఆరు నెలలు ఉండిపోవడానికి బి-2 వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు కూడా తెలియకూడదు. వారి మీద నమ్మకం లేక కాదు, పైన చెప్పిన ఫెడరల్ చట్టం వారికీ వర్తిస్తుంది కాబట్టి.